ముంచడమా, కడగడమా? బైబిల్‌లోని ఒక గ్రీకు క్రియ, రెండు వందల ఏళ్ల భారతీయ వివాదం

1812 ఫిబ్రవరిలో అమెరికాలోని సేలం రేవు నుంచి 'కారవాన్' అనే ఓడ కలకత్తాకు బయలుదేరింది. అందులో అడోనిరామ్ జడ్సన్ అనే 23 ఏళ్ల మిషనరీ ఉన్నారు. పక్కనే ఆయన భార్య ఆన్. అప్పటికి వారికి పెళ్లయి రెండు వారాలే. వారిని పంపింది కాంగ్రిగేషనల్ సంప్రదాయానికి చెందిన మిషన్. పసిపిల్లల తలపై నీళ్లు చిలకరించి బాప్తిస్మం ఇవ్వడం ఆ సంప్రదాయం పద్ధతి.

ఓడలో జడ్సన్ కొత్త నిబంధనను గ్రీకు మూలం నుంచి అనువదించే పనిలో పడ్డారు. కలకత్తా దగ్గర శ్రీరాంపూర్‌లో విలియం కేరీ బృందాన్ని కలవాల్సి ఉంది. వాళ్లు బాప్టిస్టులు. విశ్వాసం ప్రకటించిన పెద్దలనే, అదీ నీళ్లలో పూర్తిగా ముంచి సంఘంలో చేర్చుకుంటారు. వాళ్లతో వాదన వస్తే ఏం చెప్పాలన్న ఆలోచనతో జడ్సన్ ఒక్క మాట దగ్గర ఆగిపోయారు. ఆ మాట 'బాప్టిజో'. దాని అర్థం వెతుకుతూ వెతుకుతూ, తాను వాదించబోయే పక్షమే తప్పేమోనన్న సందేహంలో పడ్డారు. ఆయన బాప్టిస్టు అయినా తాను మాత్రం కానని ఆన్ మొదట చెప్పారు. కలకత్తాలో దిగాక ఇద్దరూ పుస్తకాలు ముందేసుకుని చదివారు. ఆ ఏడాది సెప్టెంబర్ 6న లాల్ బజార్ ప్రార్థనా మందిరంలో శ్రీరాంపూర్ మిషనరీ విలియం వార్డ్ చేతుల మీదుగా ఇద్దరూ నీళ్లలో మునిగారు.

ఆ రోజుతో వారిని పంపిన మిషన్‌తో బంధం తెగిపోయింది. జీతం పోయింది. మరుసటి ఏడాది బర్మా చేరి, మిగిలిన జీవితం అక్కడే గడిపారు. వారికి మద్దతుగా 1814లో అమెరికా బాప్టిస్టులు తొలిసారి జాతీయ స్థాయిలో ఒక సంస్థగా ఏర్పడ్డారు. ఇన్నిటికీ మొదలు ఒక క్రియాపదం. ఇంతకీ ఆ మాటకు అర్థమేమిటి? అది ఇంత గొడవకు ఎందుకు కారణమైంది?

చర్చి పుట్టకముందు ఆ మాట

'బాప్టిజో' క్రైస్తవులు పుట్టించిన మాట కాదు. సాధారణ గ్రీకులో 'బాప్టో' అనే చిన్న క్రియ ఉంది. ముంచి తీయడం, రంగులో అద్దడం దాని అర్థాలు. బట్టకు రంగు పట్టించే అద్దకం పనివాడు చేసేది అదే. దానికి 'ఇజో' అనే ప్రత్యయం చేరితే 'బాప్టిజో' అవుతుంది. వాడుకను చూస్తే రెంటికీ మధ్య తేడా కనిపిస్తుంది. మొదటిది ముంచి తీయడం. రెండోది మునిగిపోయేలా చేయడం. తర్వాత పైకి తీస్తారా లేదా అన్నది ఆ క్రియ చెప్పదు.

అందుకే గ్రీకు రచయితలు ఓడ మునిగిపోవడానికి ఈ మాట వాడారు. మొదటి శతాబ్దపు యూదు చరిత్రకారుడు జోసీఫస్ మరింత భయంకరమైన సందర్భంలో వాడాడు. హేరోదు రాజు మనుషులు యెరికోలోని కొలనులో ఈత ఆడుతున్న యువ ప్రధాన యాజకుణ్ణి ఆటలా నటిస్తూ నీళ్లలో అదిమిపట్టి చంపేశారు. అక్కడ జోసీఫస్ రాసిన క్రియ ఇదే. అదే జోసీఫస్ మరోచోట 'బాప్తిస్మమిచ్చు యోహాను' గురించీ రాశాడు.

ఆలంకారిక ప్రయోగాలు తెలుగు పాఠకుడికి ఏమాత్రం కొత్తగా అనిపించవు. ప్లేటో 'సింపోజియం'లో హాస్య నాటకకర్త అరిస్టోఫనీస్, నిన్న రాత్రి మద్యంలో మునిగినవాళ్లలో తానూ ఒకణ్ణని చెప్పుకుంటాడు. ప్లూటార్క్ రోమన్ ప్రముఖుడు ఓథో అప్పుల్లో మునిగి ఉన్నాడని రాస్తాడు. రెండు చోట్లా ఇదే క్రియ. తెలుగులోనూ మనిషి అప్పుల్లో మునుగుతాడు, మత్తులో మునుగుతాడు, పనిలో మునుగుతాడు. నమ్మినవాడు మోసం చేస్తే 'నిలువునా ముంచేశాడు' అంటాం. గ్రీకు క్రియకున్న ఈ చీకటి ఛాయ తెలుగు 'ముంచు'లోనూ ఉంది. తర్వాతి కాలంలో ఇదే అనువాదకులకు ఒక చిక్కు అయింది.

యూదుల గ్రీకులో అర్థం విస్తరించిన తీరు

క్రీస్తుకు పూర్వం మూడు, రెండు శతాబ్దాల్లో యూదుల హీబ్రూ గ్రంథాలు గ్రీకులోకి వచ్చాయి. దాన్ని సెప్టువజింట్ అంటారు. రాజులు రెండవ గ్రంథంలో సిరియా సేనాధిపతి నయమాను కుష్ఠురోగం పోగొట్టుకోవడానికి యొర్దాను నదిలో ఏడుసార్లు మునిగే కథ ఉంది. మునిగాడు అన్న చోట గ్రీకు అనువాదకులు 'బాప్టిజో' వాడారు. అయితే ప్రవక్త ఎలీషా అతనికి ఇచ్చిన ఆదేశం స్నానం చేయమని. అక్కడ వాడిన క్రియ వేరు. అంటే మునగడం, స్నానం ఒకే పనికి రెండు పేర్లుగా పక్కపక్కనే కనిపిస్తాయి. ఈ కథను రెండు పక్షాలూ తమకు సాక్ష్యంగా చూపిస్తాయి.

యూదితు గ్రంథంలో కథానాయిక శత్రు శిబిరంలో రాత్రివేళ ఊట దగ్గర శుద్ధి చేసుకుంటుంది. సీరాకు గ్రంథంలో శవాన్ని తాకినవాడు శుద్ధి చేసుకుంటాడు. ఈ రెండు చోట్లా 'బాప్టిజో' ఉంది. గ్రీకు యెషయా గ్రంథంలో భక్తుణ్ణి అధర్మం ముంచేస్తుంది. అప్పటికి ఈ క్రియ భౌతికంగా మునగడం నుంచి మతపరమైన శుద్ధి స్నానం వైపు కదిలిందని ఈ ప్రయోగాలు చూపుతాయి. దానియేలు గ్రంథంలో నెబుకద్నెజరు ఆకాశపు మంచుకు తడిసినప్పుడు వాడింది 'బాప్టో'. మంచులో ఎవరూ అతణ్ణి ముంచలేదు కదా అని చిలకరింపు పక్షం అడుగుతుంది. అది వేరే క్రియ అని ముంచే పక్షం గుర్తుచేస్తుంది.

కొత్త నిబంధనలో ఏముంది?

మార్కు సువార్తలో యేసు యొర్దాను 'లోకి' బాప్తిస్మం పొందాడని గ్రీకు విభక్తి సూచిస్తుంది. యోహాను సువార్త ప్రకారం యోహాను ఐనోను అనే చోటును ఎంచుకోవడానికి కారణం అక్కడ నీళ్లు సమృద్ధిగా ఉండటం. అపొస్తలుల కార్యములలో ఫిలిప్పు, ఇథియోపియా అధికారి ఇద్దరూ నీళ్లలోకి దిగి, నీళ్లలోంచి పైకి వస్తారు. రోమీయులకు రాసిన లేఖలో పౌలు బాప్తిస్మాన్ని క్రీస్తుతో పాటు సమాధి కావడంతో పోలుస్తాడు. పూడ్చడం, లేవడం అన్న పోలిక చిలకరింపు కంటే మునకకే బాగా అతుకుతుందని బాప్టిస్టుల వాదన.

రెండో వైపు కూడా బలమైన ఆధారాలున్నాయి. లూకా సువార్తలో యేసు భోజనానికి ముందు శుద్ధి చేసుకోలేదని ఒక పరిసయ్యుడు ఆశ్చర్యపోతాడు. అక్కడ ఉన్నది 'బాప్టిజో' రూపమే. ప్రతి భోజనానికీ ముందు ఒళ్లంతా మునగాలా, లేక చేతులు కడుక్కుంటే చాలా? తెలుగు బైబిల్‌లో ఆ వచనంలో 'బాప్తిస్మం' అన్న మాటే కనిపించదు. అదే గ్రీకు క్రియకు అనువాదకులు ఒకచోట ఎరువు మాట, మరోచోట మామూలు మాట వాడారన్నమాట. మార్కు ఏడో అధ్యాయంలో గిన్నెలు, కుండలు కడగడానికీ ఇదే ధాతువు నుంచి వచ్చిన నామవాచకం ఉంది. పౌలు మరో లేఖలో ఇశ్రాయేలీయులు మేఘంలో, సముద్రంలో మోషేలోకి బాప్తిస్మం పొందారని రాస్తాడు. ఆ కథలో సముద్రం పాయలుగా చీలి వాళ్లు ఆరిన నేల మీద నడిచారు. మునిగింది తరుముకొచ్చిన ఈజిప్టు సైన్యం.

మూడో రకం ప్రయోగాలు ఇంకా లోతైనవి. తాను పొందబోయే బాప్తిస్మాన్ని మీరు పొందగలరా అని యేసు శిష్యులను అడిగినప్పుడు అక్కడ నీళ్లు లేవు. రాబోయే శ్రమ, మరణం ఆ మాటకు అర్థం. శ్రమలో మునిగిపోవడం అన్న పాత గ్రీకు ఆలంకారికార్థం ఇక్కడ బతికే ఉంది. కేవలం కర్మకాండ పేరుగా చదివితే ఈ వాక్యంలోని బరువు పోతుంది.

అనువాదకుడికి విభక్తి కూడా చిక్కే. గ్రీకు 'ఎన్' అనే పదానికి 'లో' అనీ, 'తో' అనీ అర్థం చెప్పవచ్చు. 'నీళ్లలో' అంటే మునక వైపు మొగ్గు. 'నీళ్లతో' అంటే పోయడానికీ చిలకరించడానికీ చోటు. తెలుగు వాక్యం ఏదో ఒక ప్రత్యయాన్ని ఎంచుకోక తప్పదు.

అసలు ఇక్కడ కలిసిపోయిన ప్రశ్నలు రెండు. నీళ్లు ఎలా వాడాలన్నది మొదటిది. ఎవరికి ఇవ్వాలన్నది రెండోది. క్రియ అర్థం మొదటి ప్రశ్నకు కొంత జవాబిస్తుంది గాని రెండోదానికి ఇవ్వదు. గ్రీకు మాతృభాషగా ఉన్న ఆర్థడాక్స్ చర్చినే చూస్తే ఈ సంగతి తేలిపోతుంది. అక్కడ నేటికీ మూడుసార్లు ముంచే ఇస్తారు. ముంచేది పసిపిల్లలను.

మొదటి క్రైస్తవులు ఏం చేశారు?

'డిదాఖే' అనే చిన్న గ్రంథం మొదటి శతాబ్దం చివరిదో, రెండో శతాబ్దం మొదటిదో అని పండితుల అంచనా. దాని రాతప్రతి 1873లో కాన్‌స్టాంటినోపుల్‌లో దొరికింది. 1883లో అచ్చయింది. అందులో ఒక క్రమం ఉంది. పారే నీళ్లలో బాప్తిస్మం ఇవ్వాలి. లేకపోతే వేరే నీళ్లలో. చల్లటివి కుదరకపోతే వేడివి. ఏవీ సరిపడా లేకపోతే తలపై మూడుసార్లు పోయాలి. అంటే మునక మామూలు పద్ధతి, పోయడం అవసరానికి అనుమతించిన మినహాయింపు. సిరియాలోని దూరా యూరోపస్‌లో బయటపడ్డ మూడో శతాబ్దపు గృహ దేవాలయంలో బాప్తిస్మపు తొట్టి ఉంది. అందులో మనిషి నిలబడవచ్చు గాని, పూర్తిగా మునగడం కష్టమని పలువురు పరిశోధకుల అభిప్రాయం.

అనువదించకపోవడం అనే మార్గం

బైబిల్ లాటిన్‌లోకి వచ్చినప్పుడే ఈ చిక్కు మొదలైంది. తొలి లాటిన్ రచయితల్లో టెర్టూలియన్ వంటివారు ముంచడం, అద్దడం అనే అర్థాలున్న సొంత మాటలు కూడా వాడారు. చివరికి నిలిచింది గ్రీకు మాటనే లాటిన్ లిపిలో రాసిన 'బాప్టిజారే'. ఇంగ్లిష్ దాన్నే తీసుకుంది. జర్మన్ మాత్రం సొంత మాట 'టౌఫెన్'ను ఉంచుకుంది. అది 'లోతు' అనే మాటతో చుట్టరికం ఉన్నదని మార్టిన్ లూథర్ 1519 నాటి ప్రసంగంలో గుర్తుచేశాడు. 1611 కింగ్ జేమ్స్ బైబిల్ అనువాదకులు తమ ముందుమాటలో, 'బాప్టిజం' బదులు 'కడగడం' అని రాసే ప్యూరిటన్ల పట్టింపును తాము పక్కనబెట్టామని చెప్పుకున్నారు. పాత చర్చి మాటలను కదిలించకూడదన్నది వారి పద్ధతి.

ఎరువు మాటకు ఒక సౌకర్యం ఉంది. దానికి కొత్త భాషలో సొంత అర్థం ఉండదు. కాబట్టి ప్రతి సంఘం తన ఆచారాన్నే అందులో నింపుకోవచ్చు. ముంచేవాళ్లకు అది ముంచడం, చిలకరించేవాళ్లకు చిలకరించడం. నష్టం కూడా అక్కడే. కొత్తగా చదివేవాడికి ఆ మాట ఏమీ చెప్పదు.

బెంగాల్‌లో చెలరేగిన గొడవ

శ్రీరాంపూర్ అప్పట్లో డెన్మార్క్ పాలనలోని ఊరు. అక్కడే 1800 డిసెంబర్ 28న కృష్ణపాల్ అనే వడ్రంగి హుగ్లీ నదిలో మునిగి కేరీ మిషన్‌కు తొలి బెంగాలీ విశ్వాసి అయ్యాడు. మరుసటి ఏడాది కేరీ బెంగాలీ కొత్త నిబంధన అచ్చయింది. నదిలో మునగడమంటే ఏమిటో తెలిసిన జనానికి గ్రీకు మాటను బెంగాలీ లిపిలో రాసిపెట్టడం ఎందుకన్నది శ్రీరాంపూర్ బృందం ఆలోచన. వాళ్లు మునక అన్న అర్థమిచ్చే దేశీ మాటనే వాడారు.

1804లో లండన్‌లో పుట్టిన బ్రిటిష్ అండ్ ఫారిన్ బైబిల్ సొసైటీ చాలా ఏళ్లు ఈ అనువాదాలకు డబ్బిచ్చింది. ఆ సొసైటీలో ఆంగ్లికన్లు, ప్రెస్బిటేరియన్లు, మెథడిస్టులు, బాప్టిస్టులు అందరూ ఉన్నారు. ఒక పక్షం ఆచారానికి అనుకూలమైన మాటకు అందరి డబ్బూ ఖర్చుచేయడం ఏమిటన్న అభ్యంతరం క్రమంగా పెరిగింది. 1830లలో సొసైటీ షరతు పెట్టింది. ఆ గ్రీకు మాటనైనా అలాగే ఉంచాలి, లేదా ఇతర సంఘాలకు అభ్యంతరం లేని మాటైనా వాడాలి. కలకత్తా బాప్టిస్టు పండితుడు విలియం యేట్స్, ఆయన సహచరుడు పియర్స్ కలిసి సవరించిన బెంగాలీ అనువాదానికి సాయం నిరాకరించింది.

వాళ్లు అమెరికన్ బైబిల్ సొసైటీని అడిగారు. 1836లో అదీ కాదంది. వాడుకలోని ఇంగ్లిష్ బైబిల్ సూత్రాలకు అనుగుణంగా ఉండి, అన్ని సంఘాలూ వాడుకోగల అనువాదాలకే డబ్బిస్తామని తీర్మానించింది. అమెరికా బాప్టిస్టులు బయటికి వచ్చి ఆ ఏడాదే సొంత బైబిల్ సొసైటీ పెట్టుకున్నారు. ఇంగ్లండ్ బాప్టిస్టులు 1840లో అదే పని చేశారు. బెంగాలీలోని ఒక్క మాట రెండు ఖండాల్లో సంస్థలను చీల్చింది.

రెండు వైపులా నిజాయతీ ఉంది. తెలిసిన అర్థాన్ని పాఠకుడికి దాచిపెట్టడం అనువాదకుడి ధర్మం కాదని బాప్టిస్టులు అన్నారు. అర్థం మీద ఏకాభిప్రాయం లేని చోట ఒక పక్షం తీర్పును మూలంలోకి ఎక్కించడం ధర్మం కాదని మిగతావాళ్లు అన్నారు.

 జడ్సన్ తన బర్మీస్ బైబిల్‌లో నీళ్లలో ముంచడం అన్న అర్థమున్న దేశీ మాటనే వాడారు. నేటి మయన్మార్‌లో బాప్టిస్టులను బర్మీస్‌లో పిలిచే పేరులో ఆ 'ముంచడం' అన్న మాటే ఉంది. చైనీస్‌లో ఇప్పటికీ రెండు మాటలు నడుస్తున్నాయి. చాలా సంఘాలు 'కడగడం' అన్న మాట వాడితే, బాప్టిస్టుల పేరులో ఉన్నది 'ముంచడం'.

మన భాషల్లో ఒక్కో దారి

దక్షిణ భారత భాషలు ఈ మాటను ఎలా తీసుకున్నాయన్నది మిషన్ల చరిత్రకు అద్దం లాంటిది. మలయాళంలో సిరియన్ క్రైస్తవులు 'మామోదీసా' అంటారు. అది సిరియాక్ భాష నుంచి వచ్చింది. యూరప్ మిషనరీలు రాకముందు నుంచే అక్కడ ఉన్న చర్చి గుర్తు అది. అదే భాషలో 'స్నానం' అన్న మాట కూడా నడుస్తుంది. తమిళ ప్రొటెస్టెంట్లలో 'జ్ఞానస్నానం' పాతుకుపోయింది. తమిళ కథోలికులు ఇటీవలి దశాబ్దాల్లో పవిత్ర మునక అన్న అర్థమిచ్చే 'తిరుముళుక్కు' అనే అచ్చ తమిళ మాటకు మారారు. హిందీ, ఉర్దూ ప్రొటెస్టెంట్లు గ్రీకు మాటనే 'బప్తిస్మా'గా ఉంచుకున్నారు. అంత గొడవ జరిగిన బెంగాలీలోనూ 'బాప్తిస్మ' వాడుకలోకి వచ్చింది.

తెలుగులో ప్రొటెస్టెంట్లది 'బాప్తిస్మము', కథోలికులది 'జ్ఞానస్నానము'. యోహాను ఒకరికి 'బాప్తిస్మమిచ్చు యోహాను', మరొకరికి 'స్నాపక యోహాను'. ఒకే ఊళ్లో రెండు చర్చిలుంటే ఏ మాట వినబడిందో చూసి ఎవరు ఎక్కడివారో చెప్పవచ్చు. 'జ్ఞానస్నానం' అనగానే తెలుగువాడికి తీర్థస్నానం, పుష్కర స్నానం గుర్తొస్తాయి. 'జ్ఞాన' చేర్చడంతో ఇది ఒంటి మురికి పోగొట్టే స్నానం కాదని తెలుస్తుంది. 'బాప్తిస్మం' అనగానే ఏ దృశ్యమూ గుర్తురాదు. చర్చి మాత్రమే గుర్తొస్తుంది. 'ముంచు' అన్న క్రియను తెలుగు ఎందుకు తీసుకోలేదన్న ప్రశ్నకు, ఎవరినైనా 'ముంచాను' అంటే తెలుగులో వినబడే మోసపు అర్థం ఒక్కటే చాలు.

మరో మార్పు వ్యాకరణంలో జరిగింది. గ్రీకులో ఇది ఒకరు మరొకరి శరీరానికి చేసే పని. తెలుగులో అది ఒక వస్తువు అయింది. బాప్తిస్మం 'ఇస్తారు', 'పొందుతారు', 'తీసుకుంటారు'. తీసుకోవడం అన్నప్పుడు తీసుకునేవాడి ఇష్టం ముందుకొస్తుంది. అపొస్తలుల కార్యములు 22వ అధ్యాయంలో పౌలుకు అననీయ ఇచ్చే ఆదేశంలో గ్రీకు క్రియ కూడా ఇలాంటి రూపంలోనే ఉంది. తనకు తానుగా పూనుకుని చేయించుకో అన్న భావం అందులో ఉంది. తెలుగు 'కొను' ప్రత్యయం దాన్ని సులువుగా పట్టుకోగలదు. ఇంగ్లిష్‌కు ఆ సదుపాయం లేదు.

గుండ్లకమ్మలో ఒక్క రోజు

ముంచే పక్షం మీద పాత అభ్యంతరం ఒకటుంది. యెరూషలేములో ఒక్క రోజున సుమారు మూడు వేలమంది చేరారని అపొస్తలుల కార్యములు చెబుతుంది. అంతమందిని ఒక్క రోజులో ముంచడం సాధ్యమా? దానికి బాప్టిస్టు రచయితలు తెలుగు నేల నుంచి సమాధానం తెచ్చారు.

అమెరికన్ బాప్టిస్టుల తెలుగు మిషన్ 1836లో మొదలైంది. నెల్లూరు కేంద్రంగా ఏళ్ల తరబడి అంతంతమాత్రంగానే నడిచింది. తర్వాత ఒంగోలుకు జాన్ క్లౌ వచ్చారు. 1876-78 కరువులో ఆయన బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని కూలి పని కల్పించారు. చేరినవారిలో ఎక్కువమంది మాదిగలు. సాయం కోసం మతం మారారన్న మాట రాకూడదని కరువు పనులు నడిచినంతకాలం బాప్తిస్మాలు ఆపారు. పనులు ముగిశాక 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. ఆరుగురు బోధకులు ఒక్కోసారి ఇద్దరు చొప్పున వంతులవారీగా నీళ్లలో నిలబడ్డారు. ఒక గ్రీకు క్రియకు ఆధారంగా ఈ లెక్క అమెరికా వేదాంత గ్రంథాల్లోకి ఎక్కింది.

నదిలో దిగినవారికి ఆ వ్యాకరణంతో పనిలేదు. ఊరి బావి దగ్గరికి రానివ్వని కులాల వాళ్లు అందరి కళ్లెదుటా నదిలో దిగి, ఒకరి చేయి ఒకరు పట్టుకుని పైకి రావడమే అక్కడ జరిగిన పని.

కలిసి ఉండటానికి ఒక ఒప్పందం

ఇరవయ్యో శతాబ్దంలో భారతీయ సంఘాలు ఈ పేచీని మరో తీరుగా ఎదుర్కొన్నాయి. 1947లో ఏర్పడ్డ చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియాలో శిశు బాప్తిస్మం పాటించే సంఘాలే చేరాయి. తెలుగు బాప్టిస్టులు బయటే ఉండిపోయారు. 1970 నవంబర్ 29న నాగ్‌పూర్‌లో ఏర్పడ్డ చర్చ్ ఆఫ్ నార్త్ ఇండియాలో మాత్రం ఆంగ్లికన్లతో పాటు ఉత్తర భారత బాప్టిస్టులూ చేరారు. శిశు బాప్తిస్మం, విశ్వాసుల బాప్తిస్మం రెంటినీ సమానంగా గుర్తించడమే దానికి దారి చూపింది. తల్లిదండ్రులు ఏది కోరితే అది. ప్రపంచ చర్చిల మండలి 1982లో బాప్తిస్మం మీద ఉమ్మడి పత్రం తెచ్చేనాటికే ఉత్తర భారత సంఘాలు ఆ పని చేసి చూపించాయి. అయితే పసితనంలో ఒకసారి పొందినవారు పెద్దయ్యాక మళ్లీ మునగవచ్చా అన్న ప్రశ్న నేటికీ సంఘాల మధ్య తెగలేదు. మొదటిది బాప్తిస్మమే కాదనేవారికి రెండోది 'మళ్లీ' కాదు.

కోర్టుల్లో అదే మాట

ఈ చర్చ వేదాంత విద్యార్థులకే పరిమితమనుకుంటే పొరపాటు. 1950 నాటి షెడ్యూల్డు కులాల ఉత్తర్వు ప్రకారం హిందూ మతంలో ఉన్నవారికే ఆ హోదా ఉంటుంది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులు, ముస్లింలు బయటే ఉన్నారు. ఎస్సీల నుంచి క్రైస్తవులైనవారు ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో బీసీ-సి కిందికి వస్తారు. కాబట్టి ఒక మనిషి ఎప్పుడు క్రైస్తవుడయ్యాడన్నది ఉద్యోగం, ఎన్నికల్లో పోటీ, అట్రాసిటీ చట్టం రక్షణ అన్నిటినీ తేల్చే ప్రశ్న. దానికి చేతికి దొరికే రాతపూర్వక సాక్ష్యం తరచుగా చర్చి రిజిస్టర్‌లోని బాప్తిస్మపు నమోదు.

2024 నవంబర్ 26న సుప్రీంకోర్టు పుదుచ్చేరికి చెందిన ఒక మహిళ ఎస్సీ ధ్రువీకరణ పత్రం కోరుతూ వేసిన అప్పీలును కొట్టేసింది. ఆమె హిందువునని చెప్పుకున్నారు. శైశవంలోనే బాప్తిస్మం జరిగినట్టు చర్చి రికార్డులున్నాయి. చర్చికి వెళుతున్నారన్న ఆధారాలూ ఉన్నాయి. తిరిగి హిందూ మతంలోకి వచ్చినట్టు రుజువు లేదని కోర్టు భావించింది. నిజంగా విశ్వసించకుండా రిజర్వేషన్ కోసమే మతం చెప్పుకోవడం రాజ్యాంగాన్ని మోసగించడమేనంది. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు కూడా, పాస్టర్‌గా పనిచేస్తున్న ఒకరు పెట్టిన అట్రాసిటీ కేసును ఇదే తర్కంతో కొట్టేసింది.

ఇక్కడ పాత వేదాంత ప్రశ్న కొత్త వేషంలో కనిపిస్తుంది. పసిబిడ్డకు జరిగిన క్రియ ఆ బిడ్డ చేసిన నిర్ణయమవుతుందా? బాప్టిస్టు లెక్కలో కాదు. కథోలిక లెక్కలో ఆ సంస్కారం చెరగని ముద్ర. పుదుచ్చేరి కేసులో కోర్టు రిజిస్టర్‌తో పాటు ఆ తర్వాతి నడవడికనూ చూసింది. ఊళ్లలో దీని ప్రభావం వేరుగా ఉంటుంది. ఆదివారం చర్చికి వెళుతూ, బాప్తిస్మం మాత్రం తీసుకోకుండా ఏళ్ల తరబడి గడిపేవారు తెలుగు రాష్ట్రాల్లో కొత్తేమీ కాదు. వాళ్లలో కొందరి వెనకడుగుకు కారణం విశ్వాసం కొరత కాదు, కుల ధ్రువీకరణ పత్రం.

ఇతర మతాల్లోకి మారిన దళితుల హోదాపై 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ సానుకూల సిఫారసు చేసింది. ప్రభుత్వం దాన్ని అమలు చేయలేదు. 2022లో మాజీ ప్రధాన న్యాయమూర్తి కె.జి. బాలకృష్ణన్ నేతృత్వంలో మరో కమిషన్ వేసింది. ఇంకో వైపు పలు రాష్ట్రాల మతమార్పిడి చట్టాలు మారేవారు, ఆ కర్మ జరిపించేవారు ఇద్దరూ ముందుగా జిల్లా మేజిస్ట్రేట్‌కు తెలపాలంటున్నాయి. ఉత్తరప్రదేశ్ 2021 చట్టంలో మారే వ్యక్తికి ఆ గడువు 60 రోజులు. నీళ్లు కనబడగానే బాప్తిస్మం అడిగి అక్కడికక్కడే పొందిన ఇథియోపియా అధికారి కథను ఆ చట్టం కింద చదివితే, ఫిలిప్పు మీద కేసు పెట్టవచ్చు.

నిఘంటువు ఇచ్చే జవాబు ఏమిటి? 'బాప్టిజో'కు మౌలికార్థం ముంచడమేనన్నది నేడు చాలా సంప్రదాయాల పండితులు ఒప్పుకునే మాట. యూదుల వాడుకలో అది శుద్ధి స్నానానికీ విస్తరించిందన్నది అంతే గట్టి వాస్తవం. అక్కడితో నిఘంటువు పని ముగుస్తుంది. ఎన్ని నీళ్లు చాలు, ఏ వయసు చాలు, ఎవరి ఒప్పుకోలు చాలు అన్నవి సంఘాలు తేల్చుకోవలసినవి. భారతదేశంలో వాటికి మరో ప్రశ్న చేరింది. ఆ నీళ్లలోంచి పైకి వచ్చిన మనిషి కులం ఏమిటి? దానికి జవాబు గ్రీకులో లేదు. 1950 నాటి ఉత్తర్వులో ఉంది.